నాలుగడుగుల చేపల ట్యాంకుకు ఏ ఓవర్‌ఫ్లో పెట్టాలి? కరెంటు పోయినప్పుడు నీళ్లు నేలపాలు ఎందుకయ్యాయి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. 4×1.5×1.5 అడుగుల మంచినీటి ట్యాంకు. అందులో పెద్ద ఏంజెల్ చేపలు, వాలిస్నేరియా మొక్కలు. కింద రెండున్నర అడుగుల సంప్ (ఫిల్టరు, పంపు ఉండే తొట్టె). గాజుకు రంధ్రం చేయించడానికి మనసొప్పక, పీవీసీ పైపులతో అంచు మీదుగా దిగే ఓవర్‌ఫ్లో, అంటే ట్యాంకు నీళ్లను సంప్‌లోకి దించే దారి, మీరే చేసుకున్నారు. పంపు డబ్బా మీద గంటకు 2000 లీటర్లు అని ఉంది. రాత్రిళ్లు గుడగుడమని శబ్దం. పోయిన వారం మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చింది. మీరు వచ్చేసరికి సంప్ ముందు నేలంతా తడి, ట్యాంకు దాదాపు అంచుదాకా నిండి ఉంది, పంపు నీళ్లు లేక గీపెడుతోంది. ఇప్పుడు రెడీమేడ్ హ్యాంగాన్ బాక్స్ (అంచుకు తగిలించే ఓవర్‌ఫ్లో పెట్టె) కొనాలా, గాజు కోయించాలా, లేక సంప్ ఆలోచనే మానుకోవాలా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే: రెండు మూడు రోజులు ట్యాంకు ఖాళీ చేయగలిగితే వెనక గాజుకు రెండు రంధ్రాలు చేయించండి. ఒకటి వాల్వుతో నడిచే సైఫన్ పైపుకు (గాలి లేకుండా నిండి, నీటిని తనే కిందికి లాగే పైపు), రెండోది అత్యవసర పైపుకు. ఖాళీ చేయడం కుదరకపోతే ఇప్పుడున్న పీవీసీ ఓవర్‌ఫ్లోనే కింద చెప్పే మార్పులతో ఉంచుకోండి. రెడీమేడ్ హ్యాంగాన్ బాక్స్‌కు డబ్బు పెట్టకండి. అది కూడా అంచు మీదుగా సైఫన్ లాగే వస్తువే. చూడటానికి నాజూకుగా ఉంటుంది తప్ప మీ సమస్యను తీర్చదు. సంప్ మానుకోవలసిన అవసరం అసలే లేదు.

ఈ నిర్ణయం తీసుకునేలోగా ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. రిటర్న్ పైపు, అంటే పంపు నీటిని సంప్ నుంచి ట్యాంకులోకి తెచ్చే పైపు, దాని మూతిని పైకి జరపండి. మీ ఇంట్లో నీళ్లు పోవడానికి అసలు కారణం ఓవర్‌ఫ్లో కాదు, ఆ మూతి.

మీరు పంపిన కొలతలు చూస్తే సంగతి బయటపడుతుంది. రిటర్న్ పైపు మూతి నీటిమట్టానికి 5 సెంటీమీటర్ల లోతులో ఉందన్నారు. మీ ట్యాంకు పైభాగం సుమారు 122×46 సెంటీమీటర్లు, అంటే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు దాదాపు 5.6 లీటర్లు. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, కానీ రిటర్న్ పైపు నిండా నీళ్లే ఉన్నాయి. ప్రవాహం వెనక్కి తిరిగి ఆ పైపే ఒక సైఫన్ అయి, ట్యాంకులోని నీటిని వెనక్కి సంప్‌లోకి లాగుతుంది. మూతి గాలికి తేలేదాకా ఆగదు. ఆ 5 సెంటీమీటర్లకు 28 లీటర్లు. మీ సంప్ 76×30 సెంటీమీటర్లు, ఎత్తు 30, నీళ్లు 20 దాకా ఉంటాయన్నారు. మిగిలిన 10 సెంటీమీటర్ల ఖాళీలో 23 లీటర్లకు మించి పట్టవు. తేడా 5 లీటర్లు. మీ నేల మీద పడినవి అవే. అరబక్కెట్టు కూడా ఉండవు, కానీ గచ్చు మీద పరుచుకుంటే హాలంతా నీళ్లే అనిపిస్తుంది.

అంటే నీళ్లు కారింది మీరు అనుకున్నట్టు కరెంటు వచ్చాక కాదు, పోయినప్పుడే. కరెంటు వచ్చాక జరిగింది వేరే కథ. మీ ఓవర్‌ఫ్లో లోపలి పైపు మూతి 3 సెంటీమీటర్ల లోతులో ఉంది. రిటర్న్ పైపు ట్యాంకును 5 సెంటీమీటర్లు దించేసరికి ఆ మూతి గాలిలోకి వచ్చింది, పైపులోకి గాలి ఎక్కింది, సైఫన్ తెగింది. కరెంటు వచ్చి పంపు మొదలయ్యాక నీళ్లు పైకి వెళ్తూనే ఉన్నాయి, కిందికి వచ్చే దారి లేదు. సంప్‌లో పంపు ఉండే గది ఖాళీ అయ్యేదాకా అలా తోడి, ఆపైన పొడిగా తిరిగింది. అందుకే ట్యాంకు అంచుకు సెంటీమీటరు కిందిదాకా నిండి కనిపించింది. సంప్ నుంచి 5 లీటర్లు ముందే నేల మీదికి పోయాయి కాబట్టి ట్యాంకు పొంగలేదు. పంపు గది ఇంకొంచెం పెద్దదై ఉంటే ట్యాంకు అంచు మీదుగా కూడా పోయేవి.

కాబట్టి ఒకే తప్పు అమరిక రెండు ప్రమాదాలకూ మూలం. అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: ఓవర్‌ఫ్లో నడుస్తున్నప్పుడు ఎలా ఉందో చూసి ఎంచుకోకండి. కరెంటు పోయిన నిమిషంలో, తిరిగి వచ్చిన నిమిషంలో అది ఏం చేస్తుందో చూసి ఎంచుకోండి. నడిచేటప్పుడు అన్నీ బాగానే నడుస్తాయి.

రిటర్న్ మూతిని ఎంత ఎత్తులో పెట్టాలి? నీటిమట్టానికి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల కింద. అప్పుడు వెనక్కి వచ్చేది 11 లీటర్లు, పైపుల్లో ఉన్నది కలుపుకున్నా మీ సంప్ హాయిగా పట్టుకుంటుంది. దానికి తోడు, రిటర్న్ పైపుకు నీటిమట్టానికి సరిగ్గా కింద 4 మిల్లీమీటర్ల చిన్న బెజ్జం వేయండి. నీళ్లు కాస్త దిగగానే అందులోంచి గాలి దూరి సైఫన్‌ను తెంచుతుంది. పంపు నడుస్తున్నప్పుడు ఆ బెజ్జంలోంచి సన్నని ధార వస్తుంది, అది లోపలి వైపుకు, కిందికి ఉండేలా చూసుకోండి. అయితే బెజ్జం మీదే పూర్తిగా ఆధారపడకండి. నాచు పట్టి మూసుకుపోతుంది. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు అగ్గిపుల్లతో ఒకసారి పొడిస్తే చాలు. మూతి ఎత్తు సరిగ్గా ఉంటే బెజ్జం మూసుకుపోయినా ప్రమాదం లేదు. మూతి లోతుగా ఉండి బెజ్జాన్ని నమ్ముకుంటే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు నేల తుడవాల్సిందే.

చాలామంది ఇక్కడ చెక్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) బిగిస్తారు, ప్లంబింగ్ షాపువాళ్లు కూడా అదే అంటగడతారు. నేను వాడను. కొత్తలో బాగానే పట్టుకుంటుంది. తర్వాత ఒక నత్త, ఒక ఆకు ముక్క, లేదా మన బోరు నీళ్ల సున్నం ఆ రెక్క కింద చేరితే పూర్తిగా మూసుకోదు. సన్నగా కారే చెక్ వాల్వు రాత్రంతా కారితే ఫలితం అదే. పైగా అది పంపు ఒత్తిడిని కొంత తినేస్తుంది.

ఇంకొక లెక్క కూడా చూసుకోవాలి. ఓవర్‌ఫ్లో పూర్తిగా మూసుకుపోయినా, పంపు గదిలో ఉన్న నీళ్లన్నీ ట్యాంకులో పట్టాలి. మీ పంపు గదిలో పంపు తోడగలిగిన నీళ్లు సుమారు 11 లీటర్లు. ట్యాంకు అంచుకు, నీటిమట్టానికి మధ్య 2 సెంటీమీటర్ల ఖాళీ ఉందన్నారు, అంటే అదీ 11 లీటర్లే. మరీ బొటాబొటిగా ఉంది. నీటిమట్టాన్ని ఇంకొక సెంటీమీటరు దించండి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఓవర్‌ఫ్లో ఎంత మొండికేసినా నేల తడవదు. మహా అయితే పంపు కాలిపోతుంది, అది వేరే ఖర్చు.

ఇక పంపు సంగతి. డబ్బా మీద రాసే 2000 లీటర్లు నీటిని ఎత్తకుండా వదిలినప్పటి అంకె. సంప్ నుంచి మీ ట్యాంకు అంచుదాకా సుమారు 1.2 మీటర్ల ఎత్తుకు తోడేటప్పుడు ఈ తరగతి పంపులు సగమో అంతకంటే తక్కువో ఇస్తాయి. ఊహించడం ఎందుకు, కొలవండి. రిటర్న్ పైపు మూతి దగ్గర పది లీటర్ల బక్కెట్టు పట్టి ఫోనులో సమయం చూడండి. 36 సెకన్లలో నిండితే గంటకు 1000 లీటర్లు. మీ ట్యాంకు సుమారు 250 లీటర్లు కాబట్టి గంటకు నాలుగుసార్లు తిరిగినట్టు. ఏంజెల్ చేపలకు అంతకంటే ఎక్కువ ప్రవాహం ఇష్టముండదు కూడా. పెద్ద పంపు కొనకండి.

ఇక్కడే కొత్తవాళ్లకు ఒక సందేహం వస్తుంది, మీరూ అడిగారు: పంపు వేగానికి ఓవర్‌ఫ్లో వేగం సరిగ్గా సరిపోవాలా అని. అక్కర్లేదు. ఓవర్‌ఫ్లో సామర్థ్యం పంపు కంటే ఎక్కువగా ఉంటే చాలు. పంపు ఎంత పైకి పంపితే అంతే అంచు దాటి కిందికి వస్తుంది, నీటిమట్టం దానంతట అదే సర్దుకుంటుంది. సంప్‌లోకి నీళ్లు దించడానికి ఇంకొక పంపు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. రెండు పంపులు ఎప్పటికీ ఒకే వేగంతో నడవవు, ఏదో ఒకవైపు పొంగి తీరుతుంది.

గాజు కోయించే పక్షంలో

మన ఊళ్లలో అద్దాల షాపువాళ్లు అతికించే ట్యాంకులు సాధారణంగా మామూలు గాజుతోనే ఉంటాయి, వాటికి రంధ్రం చేయవచ్చు. కంపెనీ ట్యాంకులైతే కొన్నిటికి టెంపర్డ్ గాజు ఉంటుంది. దానికి డ్రిల్లు తగిలిందంటే పలక మొత్తం ఒక్క క్షణంలో చిన్న చిన్న ముక్కలైపోతుంది. తెలుసుకోవడానికి ఒక ఉపాయం: గాజుకు ఒకవైపు ల్యాప్‌టాప్ పెట్టి తెరను తెల్లగా ఉంచండి, రెండోవైపు నుంచి పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని, తల కాస్త తిప్పుతూ చూడండి. గాజులో నల్లటి చారలో మచ్చలో కనిపిస్తే అది టెంపర్డ్, దాని జోలికి పోకండి. ట్యాంకు చేసినవాళ్లనూ అడగండి, కానీ ఆ మాట మీద మాత్రమే ఆధారపడకండి.

రంధ్రం వెనక గాజుకు, పైమూలలో. అడుగు గాజుకు వద్దు: అక్కడ లీకు వస్తే ట్యాంకు మొత్తం ఖాళీ అవుతుంది, వెనక వైపు పైన వస్తే ఆ రంధ్రం దాకే. రంధ్రం అంచుకూ గాజు అంచుకూ మధ్య కనీసం రంధ్రం వ్యాసమంత దూరం ఉంచాలి. డైమండ్ కోర్ బిట్, నిదానమైన వేగం, బిట్ మీద నీళ్లు ఆగకుండా పోస్తూ ఉండటం, అవతలివైపు టేపు అతికించడం, చివరి మిల్లీమీటర్లలో అసలు ఒత్తకపోవడం. పని తెలిసిన అద్దాలవాడైతే మీరు ఇవేమీ చెప్పనవసరం లేదు.

ఒక్క విషయం మాత్రం మీరే చూసుకోవాలి. ముందు ట్యాంక్ నిపుల్ (రంధ్రంలో బిగించి పైపు కలిపే మరల ముక్క) కొని, చేతిలో పెట్టుకుని, దాని మర బయటి వ్యాసం కొలిపించాకే రంధ్రం వేయించండి. ఒక అంగుళం నిపుల్ అంటే ఒక అంగుళం రంధ్రం కాదు. ఒక అంగుళం యూపీవీసీ పైపు బయటి కొలతే 33 మిల్లీమీటర్లు దాటుతుంది, నిపుల్ మర దానికంటే లావు. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో కొలత.

రెండు రంధ్రాల చుట్టూ లోపలివైపు 30 సెంటీమీటర్ల పొడవున గాజు పెట్టె కట్టించి, పైఅంచుకు దువ్వెన పళ్లలా గాట్లు పెట్టించండి. గంటకు 1000 లీటర్లకు ఆ పొడవు బాగా సరిపోతుంది, అంచు మీద నీళ్లు సెంటీమీటరు లోపే నిలుస్తాయి. పెట్టె పొడవు పెరిగేకొద్దీ నీటి పొర పలచబడుతుంది, పైన తేలే జిడ్డు బాగా లాగేస్తుంది. సిలికాన్ బూజు నిరోధకం కలపనిది వాడమనండి, ఆరడానికి కనీసం రెండు రోజులు వదిలేయండి.

లోపలి అమరిక ఇలా. మొదటి నిపుల్‌కు కిందికి తిరిగిన ఎల్బో. ఇది సైఫన్ పైపు, సంప్ దగ్గర దీనికి వాల్వు. రెండో నిపుల్‌కు పైకి తిరిగిన ఎల్బో, దాని మూతి దువ్వెన గాట్ల కంటే రెండు మూడు సెంటీమీటర్లు కింద. దీనికి వాల్వు ఎప్పుడూ పెట్టకూడదు. అభిరుచి ఉన్నవాళ్లు దీన్ని హర్బీ పద్ధతి అంటారు. మొదటి పైపు గాలి లేకుండా నిండుగా పారుతుంది కాబట్టి శబ్దం ఉండదు. గుడగుడ అనేది గాలి, నీళ్లు కలిసి ఒకే పైపులో పోతేనే వస్తుంది. మొదటిది మూసుకుపోతే పెట్టెలో నీళ్లు లేచి రెండో పైపులో పడతాయి, అప్పుడు పెద్దగా శబ్దం వస్తుంది. ఆ శబ్దమే మీకు హెచ్చరిక.

ఒక అంగుళం పైపు నిండుగా సైఫన్‌లా పారితే, 80 సెంటీమీటర్ల దింపుడులో గంటకు 4000 లీటర్ల దాకా మోయగలదు. మీకు కావలసింది 1000. కాబట్టి వాల్వు చాలావరకు మూసి ఉంచాల్సి వస్తుంది. ముప్పావు అంగుళం చాలదా అంటే చాలుతుంది, కానీ మీ ట్యాంకులో వాలిస్నేరియా ఉంది. పొడుగాటి ఆకు ఒకటి ఊడి దువ్వెన దాటితే సన్నపైపులో ఇరుక్కుంటుంది. అందుకే నేను రెండూ ఒక అంగుళమే వేస్తాను. వాల్వు దగ్గర ఇరుక్కుంటే ఒకసారి పూర్తిగా తెరిచి మూస్తే పోతుంది.

వాల్వు విషయంలో గేట్ వాల్వు మేలు, ఎన్నో చుట్లు తిరుగుతుంది కాబట్టి వెంట్రుకవాసి సర్దుబాటు కుదురుతుంది. మన ప్లంబింగ్ షాపుల్లో గేట్ వాల్వు అంటే ఎక్కువగా ఇత్తడిదే ఇస్తారు. ఇత్తడిలో రాగి ఉంటుంది. ఉప్పునీటి ట్యాంకులకు, రొయ్యలున్న ట్యాంకులకు అది పనికిరాదు. పీవీసీది దొరక్కపోతే బాల్ వాల్వే వాడండి, కాస్త ఓపిక కావాలి అంతే. మొదట పూర్తిగా తెరిచి పంపు వేయండి. తర్వాత కొంచెం మూసి, రెండు మూడు నిమిషాలు ఆగి, పెట్టెలో మట్టం ఎటు పోతోందో చూడండి. తిప్పగానే ఫలితం కనిపించదు, మట్టం నెమ్మదిగా కదులుతుంది. ఆగకుండా తిప్పుతూ పోయేవాళ్లకు ఈ పని ఎప్పటికీ కుదరదు. మట్టం అత్యవసర పైపు మూతిని అందుకుని, అందులోకి సన్నని తీగలా కొద్దిగా నీళ్లు జారుతుంటే అక్కడ వదిలేయండి. రెండు పైపుల మధ్య ఆ కొద్ది వెసులుబాటు ఉంటేనే రోజువారీ చిన్న తేడాలు సర్దుకుంటాయి.

సైఫన్ పైపు కింది మూతి సంప్ నీటిలో రెండున్నర సెంటీమీటర్లకు మించి మునగకూడదు. లోతుగా ముంచితే, కరెంటు వచ్చినప్పుడు పైపులో చిక్కుకున్న గాలి బయటికి పోలేక సైఫన్ మొదలుకాదు. గుంటూరులో ఒక క్లినిక్కులో ట్యాంకు బాగోగులు నేను చూస్తాను. అక్కడ కరెంటు వచ్చిన ప్రతిసారీ అత్యవసర పైపే మోత మోగిస్తోందని పిలిచారు. చూస్తే శబ్దం తగ్గుతుందని ఎవరో పైపును సంప్ అడుగుదాకా పొడిగించారు. పొడిగించిన ముక్క కోసేయగానే సమస్య పోయింది.

మూడు పైపుల బీన్ యానిమల్ పద్ధతి గురించి కూడా అడిగారు. మంచి పద్ధతే: ఒకటి సైఫన్, ఒకటి గాలితో కలిసి పారేది, ఒకటి పూర్తిగా ఖాళీగా ఉండే అత్యవసరం. ఆరడుగుల ఉప్పునీటి ట్యాంకైతే నేనూ అదే వేస్తాను. మీ ట్యాంకుకు మూడో రంధ్రం అనవసరం. ఇక ఒకే రంధ్రం, ఒకే డర్సో పైపు (గాలి, నీళ్లు కలిసి దిగే నిలువు పైపు) అన్న ఆలోచన మీకుంటే వద్దంటాను. ఒక అంగుళం డర్సో గంటకు వెయ్యి లీటర్ల దగ్గర ప్రశాంతంగా నడుస్తుంది, నిజమే. కానీ అది మూసుకుపోతే రెండో దారి లేదు.

గాజు ముట్టుకోకుండా పీవీసీనే ఉంచుకుంటే

మూడు మార్పులు చేయండి.

మొదటిది, లోపలి పైపు నేరుగా కిందికి వేలాడకూడదు. నీటిమట్టం దగ్గర పైకి తెరుచుకున్న మూతి, అక్కడినుంచి కిందికి దిగి, అడుగున మలుపు తిరిగి, పైకి లేచి అంచు దాటాలి. అలా ఉంటే ట్యాంకులో నీళ్లు మూతి కిందికి దిగినా ఆ మలుపులో నీళ్లు నిలిచి ఉంటాయి, సైఫన్ తెగదు. బయటివైపు మలుపు మీరు ఇప్పటికే పెట్టారు, సగం పని అయినట్టే. బయటి టీ (మూడు దారుల పైపు ముక్క) ఎత్తే ట్యాంకు నీటిమట్టాన్ని నిర్ణయిస్తుందని గుర్తుంచుకోండి. మట్టం సెంటీమీటరు దించమన్నాను కదా, ఆ టీని దించితే సరి. లోపలి మూతిని కూడా అంతే దించండి. టీ పైకొన మాత్రం గాలికి తెరిచి ఉండాలి. దానికి మూత బిగించారంటే అది ఆగని సైఫన్ అవుతుంది.

రెండోది, అంచు దాటే పైభాగంలో గాలి చేరకుండా చూడాలి. నీటిలో కరిగిన గాలి, ఎయిర్ స్టోన్ బుడగలు నెమ్మదిగా ఆ పైవంపులో పోగవుతాయి. కొన్ని వారాలు బాగా నడిచి ఒక రోజు హఠాత్తుగా ఆగిపోయే పీవీసీ ఓవర్‌ఫ్లోలకు ఎక్కువగా కారణం ఇదే. మందు ఏమిటంటే సన్న పైపు. గంటకు 1000 లీటర్లు 25 మిల్లీమీటర్ల లోపలి కొలత ఉన్న పైపులో సెకనుకు సుమారు 57 సెంటీమీటర్ల వేగంతో పోతాయి, బుడగల్ని ఈడ్చుకుపోతాయి. అదే నీళ్లు 40 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు 22 సెంటీమీటర్లకు పడిపోతాయి, బుడగ పైన తిష్ఠ వేస్తుంది. మీరు నలభై వేశానన్నారు. పెద్దది మంచిదనుకోవడం సహజమే గానీ ఇక్కడ అది చేటు. వంపు భాగం మాత్రం పాతిక మిల్లీమీటర్లదిగా మార్చండి, టీ తర్వాత కిందికి దిగేది లావుగానే ఉండనివ్వండి. ఎయిర్ స్టోన్ ఉంటే రెండో మూలకు జరపండి.

మూడోది, వంపు నెత్తిన చిన్న గొట్టం నిపుల్ బిగించి, దానికి గాలిగొట్టం, చిన్న వాల్వు తగిలించండి. నోటితోనో సిరంజితోనో గాలి లాగి వాల్వు మూస్తే సైఫన్ మొదలవుతుంది. పంపుకు వెంచురీ రంధ్రం (పారే నీటి వేగంతో గాలిని లాగేది) ఉంటే గాలిగొట్టాన్ని దానికి కలపవచ్చు, అప్పుడు పంపు నడిచినంతసేపూ వంపులోని గాలిని లాగేస్తూ ఉంటుంది. ఈ ఏర్పాటున్నా నెలకోసారి గొట్టం విప్పి చూడండి. సన్నటి నత్తలు అందులోకి దూరడం నేను చూశాను.

ఇన్ని చేసినా, సైఫన్ తెగదని నేను హామీ ఇవ్వను. అందుకే పంపు గది నీళ్లు ట్యాంకు ఖాళీలో పట్టాలన్న లెక్క పీవీసీ విషయంలో తప్పనిసరి. రంధ్రం ఉన్న ట్యాంకుకు అది ముందుజాగ్రత్త, మీకు అదే రక్షణ.

శబ్దం గురించి

ఏ శబ్దమో తెలిస్తే సగం దొరికినట్టే. ఆగకుండా వచ్చే గుడగుడ అయితే దిగే పైపులో గాలి కలుస్తోంది. బయటి టీ పైకొనలో మూత పెట్టి దానికి చిన్న బెజ్జం వేస్తే శబ్దం బాగా తగ్గుతుంది, గాలి దారి మాత్రం పూర్తిగా మూయకూడదు. కాసేపు నిశ్శబ్దం, ఆ వెంటనే ఒక్కసారిగా గడగడా లాగేసే శబ్దం, మళ్లీ నిశ్శబ్దం, ఇలా వస్తుంటే ఆ బెజ్జం చాలడం లేదు. పైపు నిండి సైఫన్ అవుతోంది, తెగుతోంది, మళ్లీ నిండుతోంది. బెజ్జాన్ని మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోండి, ఒకచోట ఆగిపోతుంది. ఎత్తు నుంచి పడుతున్న జలజల అయితే పడే ఎత్తు తగ్గించాలి. సంప్‌లో పైపు కొనను ఏటవాలుగా కోసి నీటికి తాకించండి. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకం.

ట్యాంకులో సన్నని బుడగలు వస్తుంటే అది ఓవర్‌ఫ్లో తప్పు కాకపోవచ్చు, పంపు గదిలో మట్టం తగ్గి పంపు గాలి మింగుతుండవచ్చు. సంప్ ఉన్న ట్యాంకులో ఆవిరైపోయిన నీళ్లు ట్యాంకులో కనిపించవు, ఆ తగ్గుదలంతా పంపు గదిలోనే చేరుతుంది. మన ఎండాకాలంలో, ఫ్యాన్ కింద మూత లేని ట్యాంకైతే రోజూ చూసి నింపాల్సిందే. ఆ నింపేది గట్టి బోరు నీళ్లయితే సున్నం పేరుకుంటుంది, వాల్వు బిగుసుకుపోతుంది. ఆర్వో నీళ్లు పోయండి. నింపేటప్పుడు పంపు గదికి గీసిన గుర్తు దాటకండి. ఎక్కువ నింపితే కరెంటు పోయినప్పుడు సంప్‌లో ఖాళీ తగ్గిపోయి మొదటికొస్తుంది.

పరీక్షించకుండా ఊరెళ్లకండి. సెలవురోజు పగటిపూట, పక్కన బక్కెట్టు పెట్టుకుని, స్విచ్ ఆపి అరగంట వదిలేయండి. సంప్ ఎక్కడిదాకా నిండిందో గీత గీయండి. మళ్లీ వేసి, సైఫన్ దానంతట అదే మొదలైందో లేదో చూడండి. తర్వాత సైఫన్ పైపు మూసేసి, అత్యవసర పైపు ఒక్కటే మొత్తం మోయగలదా చూడండి. చివరగా అన్ని దారులూ మూసి పంపు నడిపించండి, ట్యాంకు అంచు దాటకముందే పంపు గది ఖాళీ కావాలి. గది ఖాళీ కాగానే పంపు ఆపేయండి. ఏ మార్పు చేసినా ఇవన్నీ మళ్లీ చేయండి.

ఇన్వర్టర్ మీద పంపు పెట్టుకోవచ్చా అన్నారు. సైన్‌వేవ్ ఇన్వర్టర్ అయితే నిరభ్యంతరంగా. పాతకాలపు స్క్వేర్‌వేవ్ అయితే పంపు గుయ్యిమంటూ వేడెక్కుతుంది. ఏదైనా సరే, ఇన్వర్టర్ ఉందని పైన చెప్పిన లెక్కలు వదలొద్దు, బ్యాటరీ కూడా అయిపోతుంది. మీ ఫొటోలో ఎక్స్‌టెన్షన్ బాక్స్ సంప్ పక్కన నేల మీదే ఉంది. అది ఈ రోజే తీసి స్టాండు పక్క చెక్కకు ఎత్తుగా బిగించండి. తీగలు ముందు కిందికి వేలాడి ఆ తర్వాతే ప్లగ్గులోకి లేవాలి, అప్పుడు తీగ వెంట జారే నీటిచుక్క ప్లగ్గుకు చేరకుండా కిందే పడిపోతుంది.

గాజు కోయించే రోజుల్లో చేపల సంగతి కూడా అడిగారు. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో సగానికి పైగా పాత ట్యాంకు నీళ్లే పోసి, ఎయిర్ పంపు పెట్టి, చేపల్ని అందులో ఉంచండి. మేత మానేయండి, రెండు మూడు రోజులకు ఏమీ కాదు. సంప్‌లోని స్పాంజి, బయో మీడియాను (మంచి బాక్టీరియా పెరిగే ముక్కలను) మాత్రం ఆరనివ్వకండి, అదే డ్రమ్ములో గాలి బుడగల దగ్గర వేలాడదీయండి. ట్యాంకు తిరిగి నింపాక నిపుల్ దగ్గర చెమ్మ కనిపిస్తే పైనుంచి సిలికాన్ పూయకండి. నీటిమట్టం రంధ్రం కిందికి దించి, నిపుల్ విప్పి, రబ్బరు వాషర్ లోపలివైపు ఉందో లేదో, దాని కింద ఇసుక రేణువు ఏదైనా ఇరుక్కుందో చూసి, చేత్తో బిగించి, పాన్నాతో పావు చుట్టు మాత్రమే తిప్పండి.